శూన్యభాండ శాస్త్రం

శాస్త్రం మొదలుపెట్టే ముందు ఎవరో ఒకరికి దండం పెట్టడం ఆచారం. ఈ గ్రంథం ఆద్యంతం గాలి లేకపోవడాన్ని గురించినది గనక వాయుదేవుడికే పెడుతున్నాను. ఒకరు లేని చోటును గురించి రాసేటప్పుడు ఆయన్ని ఒకమాట అడగడం మర్యాద. పైగా ఆయనకు కోపం వస్తే ఏమవుతుందో ఉత్తరకాండలో ఉంది. సూర్యుణ్ణి పండనుకొని ఎగిరిన పసివాణ్ణి ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టాడు. తండ్రి ఆ బిడ్డను ఎత్తుకొని గుహలోకి వెళ్ళి కూర్చున్నాడు. మూడు లోకాలకూ ఊపిరాడలేదు. చివరికి బ్రహ్మను ముందు పెట్టుకొని దేవతలంతా వరాలు పట్టుకొని గుహ దాకా నడిచారు. మన వాఙ్మయంలో నమోదైన మొట్టమొదటి వాక్యూం ఇదే. పంపు లేదు, గేజీ లేదు. ట్యాంకు మాత్రం ఉంది, అది ఆ గుహ. కాకపోతే తిరగబడ్డ ట్యాంకు: గాలంతా లోపల, శూన్యమంతా బయట.

ఈ శాస్త్రం ఒంటిమిట్టలోనే ఎందుకు పుట్టాలంటే దానికీ స్థలమాహాత్మ్యం ఉంది. ఇక్కడి కోదండరాముడి గర్భగుడిలో ఒకే శిలలో రాముడు, సీత, లక్ష్మణుడు ఉంటారు. హనుమంతుడు ఉండడు. రాముడికి ఆయన ఇంకా పరిచయం కాకముందు వెలసిన మూర్తులని స్థలపురాణం. ఆయన ఆలయానికి ఎదురుగా సంజీవరాయస్వామి పేరుతో వేరే గుడిలో ఉంటాడు. అంటే వాయుపుత్రుడు లోపల లేడు, బయట వేచి ఉన్నాడు. సరైన నాన్‌రిటర్న్ వాల్వు బిగించిన ఏ ట్యాంకు దగ్గరైనా గాలి పరిస్థితి ఇదే. కాబట్టి ఈ విద్యకు మూలపీఠం మా ఊరేనని ప్రకటిస్తున్నాను. ఏకశిలానగరం మాదంటే మాదని ఒంటిమిట్టవాళ్ళకూ ఓరుగల్లువాళ్ళకూ పోతన విషయంలో ఇదివరకే ఒక తగవుంది. ఈ పీఠం కోసం ఓరుగల్లు నుంచి ఇంతవరకూ ఎవరూ పోటీకి రాలేదు.

శాస్త్రమన్నాక విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు ముందే చెప్పాలి. విషయం ఇది: గాలిని అదిమి దాచుకోవడానికి పుట్టిన ట్యాంకును తెచ్చి, అందులో ఉన్న గాలిని కూడా పీకేసి, మిగిలిన ఖాళీని దాచుకోవడం. అధికారి ఎవరంటే, ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో ఒక బెంచీ వైసు, ఆగిపోయిన ఫ్రిజ్జుల మీద అకారణమైన ప్రేమ ఉన్నవాడు. పెళ్ళయినవాడైతే ఈ అధికారం ఇంట్లోవాళ్ళ సమ్మతికి లోబడి ఉంటుంది. సంబంధం గుజరీ అంగడితో. ప్రయోజనం మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు, కాస్త ఓపిక పట్టాలి.

మా బావ కడప బండ మీద పేర్లు చెక్కుతాడు. ఇంటి గోడకు బిగించుకునే పలకలు, సమాధుల మీద పెట్టే పలకలు, గుడికి వితరణ ఇచ్చినవాళ్ళ పేర్లు, అన్నీ. చెక్కే మర ఉంది. చిక్కల్లా పలకను కదలకుండా పట్టుకోవడంలోనే. క్లాంపు వేస్తే అంచు పెచ్చు లేస్తుంది. పైగా క్లాంపు ఉన్న చోట దాత ఇంటిపేరు పడాల్సి వస్తుంది, మర వెళ్ళి ఇనుముకు కొట్టుకుంటుంది. దీనికి మందు ఆకాశంలో ఉంది. మన నెత్తిమీది గాలి సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు 1.03 కిలోల చొప్పున ప్రతి వస్తువునూ అదుముతూ ఉంటుంది. పలకకు కిందా పైనా సమానంగా అదుముతుంది గనక ఎవరికీ తెలియదు. పలక కింద ముప్పై సెంటీమీటర్ల చదరంలో రబ్బరు తీగ చుట్టి, ఆ లోపలి గాలిలో ముప్పాతిక వంతు లాగేస్తే, పైనున్న గాలి ఆ తొమ్మిది వందల చదరపు సెంటీమీటర్ల మీద దాదాపు ఏడు వందల కిలోల బరువుతో కూర్చుంటుంది. క్లాంపు అక్కరలేదు. ఇంటిపేరు ఎంత పొడుగైనా పడుతుంది. పలక నున్నగా పాలిష్ పట్టినదై ఉండాలి, అంతే. గనిలో చీల్చినట్టే ఉన్న గరుకు బండ గాలిని నాలుగు వైపుల నుంచీ రానిస్తుంది.

ఇక్కడ కరెంటు ప్రవేశిస్తుంది. అంటే నిష్క్రమిస్తుంది. పలక పట్టుకోవడానికి పంపొక్కటే చాలదా, ట్యాంకెందుకు అని అడిగేవాడు కరెంటు పోని ఊరివాడై ఉండాలి. రబ్బరు తీగ ఎంత బాగా కుదిరినా నిమిషానికి లీటరు గాలి లోపలికి కారిందనుకుందాం. పలక కిందా గొట్టంలోనూ ఉన్న జాగా మహా అయితే ఒక లీటరు. గాలిని పదో వంతుకు దించిపెట్టాక కరెంటు పోతే, లోపలి గాలి మళ్ళీ పదిలో నాలుగు వంతులకు చేరి పట్టు సడలడానికి పద్దెనిమిది సెకన్లు పడుతుంది. చెక్కుతున్న అక్షరానికి కొమ్ము కూడా పూర్తి కాదు. అదే లైనులో వంద లీటర్ల ట్యాంకును పదో వంతుకు దించి పెట్టుకుంటే అదే లీకేజీకి అరగంట పడుతుంది. మర ఎటూ కరెంటుతోనే ఆగిపోతుంది, నిజమే. కానీ ఆగిన చోటనే పలక కదలకుండా ఉంటే, కరెంటు వచ్చాక మిగతా కొమ్ము తీయవచ్చు. పలక కదిలిందా, దాత పేరు కాస్తా ఆయన తమ్ముడి పేరవుతుంది. బండలను పీల్చి పట్టుకొని పైకి లేపే వాక్యూం లిఫ్టర్లలో కూడా నిలవ ట్యాంకూ నాన్‌రిటర్న్ వాల్వూ పెట్టడానికి కారణం ఇదే. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న కడప బండ యాభై కిలోలు తూగుతుంది. అది మనిషి నెత్తిన ఉండగా పంపు ఆగితే పద్దెనిమిది సెకన్లు లెక్కపెట్టే తీరిక ఎవరికీ ఉండదు.

కాబట్టి ఈ గ్రంథం ప్రతిపాదించే సిద్ధాంతం ఇది. ధాన్యాన్ని, డబ్బును, నీళ్ళను నిలవ చేసుకున్న నాగరికతలు లోకంలో చాలా ఉన్నాయి. లేమిని నిలవ చేసుకొని అవసరానికి వాడుకోవడం మాత్రం శూన్యభాండంతోనే సాధ్యం. లేమి విషయంలో రాయలసీమకు ఉన్నంత అనుభవం మరే సీమకూ లేదు గనక, ఈ విద్యలో మమ్మల్ని మించినవాళ్ళు ఉండకూడదు.

అయినా చరిత్ర కారణంగా మూలపురుషుడు జర్మనీవాడయ్యాడు. 1652లో ఒంటిమిట్ట మీదుగా పోయిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఇక్కడి గోపురాన్ని చూసి మెచ్చుకొని తన యాత్రల్లో రాసుకున్నాడు. రెండేళ్ళ తరవాత 1654లో రీగెన్స్‌బర్గులో మాగ్డెబర్గు నగర పెద్ద ఓటో ఫాన్ గెరికె చక్రవర్తి ఎదుట శూన్యప్రయోగాలు చేసి చూపించాడు. టావెర్నియే మా ఊళ్ళో ఇంకాస్త ఆగి ఉంటే కథ వేరుగా ఉండేదని నా అభిప్రాయం. దానికి ఆధారం లేదు. శాస్త్రకారుడికి ఒకటి రెండు అలాంటివి చెల్లుతాయి.

గెరికెను మూలపురుషుడని ఎందుకంటున్నానంటే, ఆయన మొట్టమొదట వాడిన పాత్ర బీరు పీపా. ఇంకో పనికి పుట్టిన పాత్రను శూన్యానికి వాడటమనే ఈ విద్యకు అదే ఆదిప్రయోగం. పీపా నిండా నీళ్ళు పోసి, అతుకులు బిగించి, అడుగు నుంచి పంపుతో నీళ్ళు తోడించాడు. నీళ్ళు పోయినచోట ఏమీ మిగలకూడదు కదా. కానీ చెక్క సందుల్లోంచి గాలి బుసబుసమంటూ లోపలికి వచ్చింది. ఇలా కాదని రాగి గోళం చేయించి అందులోంచి నేరుగా గాలినే లాగించాడు. అది పెద్ద చప్పుడుతో నలిగి ముద్దయింది. గోళం సరిగ్గా గుండ్రంగా లేకపోవడమే కారణమని ఆయనే తేల్చాడు. తరవాత చేయించిన అర్ధగోళాలు నిలిచాయి. అర మీటరు అడ్డకొలత ఉన్న ఆ గోళం మీద గాలి రెండు టన్నుల బలంతో నొక్కింది. రెండు వైపులా గుర్రాలను కట్టి లాగించినా విడిపోలేదు. ఒక వైపు గుర్రాలు మానేసి గట్టి గోడకు కట్టేసినా అదే బలం పనిచేసేది, గుర్రాల దాణా సగం మిగిలేది. కానీ ఆ సంగతి సూత్రంగా చెప్పాల్సిన న్యూటను అప్పటికి బడికి పోయే పిల్లవాడు.

ఈ కథలో లోకం గుర్రాలను గుర్తుపెట్టుకుంది. మన శాస్త్రానికి నలిగిన గోళమే ప్రధానం. దాన్ని అర్థం చేసుకోవాలంటే గుజరీ అంగడికి పోవాలి.

గుజరీ అంగడివాడిది ప్రత్యక్ష ప్రమాణం. అక్కడ జరిగిన శాస్త్రచర్చను ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"అన్నా, ఈ ట్యాంకు ఎంత ప్రెషరు తట్టుకుంటాది?"

"పది కేజీలు నిలబడతాది సామీ. పంక్చరంగట్లో పదేండ్లు ఆడిన మాలు."

"లోపల గాలే లేకుండా తీసేస్తే?"

"గాలి లేకపోతే దానికేమొచ్చె? ఊరికే పడుంటాది."

ఇదే పూర్వపక్షం. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. పది వాతావరణాలు లోపలి నుంచి తోసినా నిలిచిన ఇనుము, బయటి నుంచి ఒకే ఒక వాతావరణం నొక్కితే ఆగలేదా? చాలాసార్లు ఆగుతుంది, అందుకే ఈ విద్య బతికి ఉంది. కానీ ఆగడానికి కారణం అంగడివాడు చెప్పినది కాదు. లోపలి నుంచి తోసేటప్పుడు రేకు నలువైపులా సాగుతుంది. చిన్న సొట్ట ఉన్నా ఆ తోపుడు దాన్ని సరిచేయడానికే చూస్తుంది. బయటి నుంచి నొక్కేటప్పుడు రేకు దగ్గరికి ముడుచుకుంటుంది. సొట్ట ఉంటే ఆ నొక్కుడు దాన్ని ఇంకా లోతు చేస్తుంది, లోతైన కొద్దీ ఇంకా సులువుగా లోతవుతుంది, చివరికి ట్యాంకు ఒక్కసారిగా లోపలికి కూలుతుంది. సాగి తెగడం ఇనుము బలానికి సంబంధించిన సంగతి. నలిగి కూలడం ఆకారానికి సంబంధించినది. లెక్కల్లో కూడా ఆ తేడా దారుణంగా ఉంటుంది. పొడవాటి గొట్టం మందం సగం చేస్తే లోపలి ఒత్తిడిని తట్టుకునే శక్తి సగమవుతుంది. బయటి ఒత్తిడిని తట్టుకునే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

దీనికి దృష్టాంతం ప్రతి హైస్కూల్లోనూ చేసి చూపించే నూనె డబ్బా. పదిహేను కిలోల డబ్బాలో కాసిని నీళ్ళు పోసి మరగనిచ్చి, ఆవిరి గాలినంతా బయటికి తోసేశాక మూత బిగించి, పైన చన్నీళ్ళు పోస్తే లోపలి ఆవిరి నీరవుతుంది. డబ్బా పెద్ద ముఖం ఒక్కోటి మీద ఎనిమిది క్వింటాళ్ళ బరువు పడుతుంది. పల్చటి రేకు, బల్లపరుపు ముఖం; రెండూ దోషాలే. పటపటమంటూ ముడుచుకుపోతుంది. రెండు వందల లీటర్ల డ్రమ్ము గుండ్రంగా ఉంటుంది, చుట్టూ గట్లు కూడా తిరిగి ఉంటాయి, అయినా మిల్లీమీటరు చుట్టుపక్కల రేకు గనక దాని గతీ అంతే. డ్రమ్మును శూన్యభాండంగా వాడదామనే ఆలోచన ప్రతి సాధకుడికీ ఒకసారి వస్తుంది. రావడం తప్పు కాదు.

ఇక భాండజాతులు. ఉత్తమ జాతి పంక్చరు అంగళ్ళలో గాలి కొట్టే కంప్రెసరు ట్యాంకు. మందమైన రేకు, రెండు చివరలా ఉబ్బెత్తు మూతలు. వంద లీటర్ల ట్యాంకు పైభాగమంతా కలిపి లెక్కిస్తే, ఖాళీ చేశాక దాని మీద గాలి పెట్టే బరువు పన్నెండు, పదమూడు టన్నులు. సరుకు లారీ మోసేంత బరువు. ఇంతటి బరువు మోస్తూ అది షెడ్డు మూలన నోరు మూసుకొని నిలబడుతుంది. దీనికి ఒకే ఒక దోషం. ఏళ్ళ తరబడి గాలిలోని తేమ అడుగున చేరి లోపల తుప్పు పట్టి ఉంటుంది. బయట రంగు కొత్తగా కనిపిస్తే అనుమానం పెంచుకోవాలి. చిన్న సుత్తితో అడుగు పొడుగునా తట్టుకుంటూ పోయి, మోత మారిన చోట కొనడం ఆపేయాలి. లారీ బ్రేకుల గాలి ట్యాంకులు కూడా మంచి జాతే, చిన్నవి, గట్టివి, రెండు మూడు కలిపి వరసగా వేసుకోవచ్చు. ఆర్వో నీళ్ళ మిషను కింద ఉండే గుండ్రటి ట్యాంకు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ దాని కడుపులో రబ్బరు సంచి ఉంటుంది. గాలి లాగితే ఆ సంచే వచ్చి గొట్టం నోటికి అడ్డం పడుతుంది. గేజీ పూర్తి శూన్యం చూపిస్తుంది, ట్యాంకులో ఏమీ జరిగి ఉండదు. ప్రభుత్వ పథకాల మీద పరిశోధన చేసేవాళ్ళకు ఈ జాతి ఉపయోగపడవచ్చు.

కుక్కరు విషయంలో శాఖాభేదం ఉంది. మూత పైనుంచి బిగించే కుక్కరులో గాలి లాగితే మూత ఇంకా గట్టిగా కూర్చుంటుంది. మూత లోపలికి దించి పైకి బిగించే కుక్కరులో అదే మూత లోపలికి జారి పట్టు వదిలేస్తుంది. ఒత్తిడి దగ్గర వీళ్ళిద్దరూ ఒక్కటే, లేమి దగ్గర ఎవరి దారి వారిది. ఏ శాఖదైనా అది వంటింటి ఆస్తి అని మరవకూడదు.

న్యాయవైశేషికులు అభావం నాలుగు రకాలన్నారు. ఇప్పటివరకూ దానికి ఉదాహరణ చెప్పాలంటే నేల మీద కుండ లేకపోవడాన్ని చెప్పేవారు. కుండలో లేకపోవడాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఈ లోటు పూరిస్తున్నాను. పంపు స్విచ్చి వేయకముందు ట్యాంకులో శూన్యం లేదు, వేశాక వస్తుంది, అది ప్రాగభావం. ట్యాంకు నలిగి ముద్దయ్యాక ట్యాంకు లేదు. అది ప్రధ్వంసాభావం, దీనికి మొదలుంది గానీ తుది లేదని శాస్త్రం, గుజరీ అంగడివాడు మాత్రం కిలో లెక్కన తుది చూపిస్తాడు. కంప్రెసరు ట్యాంకు నూనె డబ్బా కాదు, నూనె డబ్బా కంప్రెసరు ట్యాంకు కాదు. ఇది అన్యోన్యాభావం, పైన చెప్పిన భాండజాతులన్నీ దీని విస్తరణే. భూత భవిష్యద్వర్తమానాలు మూడింటిలోనూ శూన్యం నిలవని ట్యాంకు ఒకటి ఉంటుంది. దానిది అత్యంతాభావం, లోకవాడుకలో లీకేజీ.

లీకేజీకి ముందు పంపు గురించి రెండు మాటలు. అందరికీ అందేది పాత ఫ్రిజ్ కంప్రెసరు. దాని పీల్చే గొట్టాన్ని ట్యాంకుకు కలపాలి, వదిలే గొట్టం నుంచి నూనె తుంపర్లు వస్తాయి గనక ఒక సీసాలోకి పెట్టాలి. నిమిషానికి పదిహేను లీటర్లు లాగుతుందనుకుంటే, వంద లీటర్ల ట్యాంకును పదో వంతుకు దించడానికి పావుగంట పడుతుంది. ఇంకో పావుగంటకు నూరో వంతు. ఇంకో పావుగంటకు వెయ్యో వంతు. ఇదంతా కాగితం మీద. నిజంగా పోనుపోను పంపు పట్టు తగ్గుతుంది. కాగితం మీద కూడా పూర్తి శూన్యం ఎప్పటికీ రాదు. ఈ మార్గంలో సాధకుడికి సామీప్యమే గానీ సాయుజ్యం లేదు. పలకలు చెక్కుకునేవాడికి పదో వంతు చాలు, ఆ మీదట చేసే తపస్సంతా కరెంటు బిల్లుకు వెళుతుంది.

ఇంకో జాతి పంపు రాయలసీమ ప్రత్యేకం. ఒకప్పుడు బోర్లలోకి గాలి కొట్టి నీళ్ళు పైకి తెప్పించే కంప్రెసర్లు మా వైపు బాగా నడిచాయి. బోర్లు ఎండాయి, కంప్రెసర్లు మిగిలాయి. గాలి పీల్చే వైపు ఫిల్టరు తీసేసి అక్కడ ట్యాంకు గొట్టం బిగిస్తే, అదే పిస్టను ఇప్పుడు శూన్యం చేసిపెడుతుంది. ఫ్రిజ్ కంప్రెసరంత లోతుకు పోదు, కానీ చాలా తొందరగా లాగుతుంది. నీళ్ళ కోసం పుట్టి, నీళ్ళు లేక ఇంటికొచ్చి, లేమిని తోడుతున్న ఆ యంత్రాన్ని చూస్తే మా సిద్ధాంతానికి ఇంకో సాక్ష్యం అక్కరలేదు.

శూన్యం లాగుతుందని లోకం అనుకుంటుంది. శూన్యానికి లాగే శక్తి లేదు, బయటి గాలి తోస్తుంది, అంతే. ఈ సంగతి సీమ రైతుకు పుస్తకం లేకుండా తెలుసు. బావి గట్టు మీద మోటారు పెట్టి గొట్టం దించితే నీరు ఎక్కడమన్నది మోటారు గొప్పతనం కాదు, బావిలో నీటి మీద నొక్కే గాలి గొప్పతనం. ఎంత గొప్ప మోటారైనా 10.3 మీటర్లకు మించి పీల్చలేదు, అమలులో ఏడు మీటర్లు దాటడమే గగనం. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో పంపు పద్దెనిమిది మూరలకు మించి నీళ్ళెత్తడం లేదని రాశాడు గానీ కారణం సరిగ్గా పట్టుకోలేకపోయాడు. 1643లో ఆయన శిష్యుడు టోరిచెల్లి పాదరసంతో తేల్చాడు. మన రైతు పాదరసం జోలికి పోలేదు. నీళ్ళు దిగిన కొద్దీ బావి లోపలి గోడకు మెట్టు తవ్వి మోటారును కిందికి దించుకుంటూ పోయాడు. బావి లోతు ఒకనాటికి మోటారు ధైర్యాన్ని మించిపోయింది. అప్పుడు బోరు వేసి, నీళ్ళలోనే కూర్చుని పైకి తోసే సబ్‌మెర్సిబుల్ దించాడు. పీల్చడం నుంచి తోయడానికి మారిన ఈ చరిత్రంతా టోరిచెల్లి సూత్రానికి వ్యాఖ్యానమే, కాకపోతే అప్పు తెచ్చి రాసినది.

అదే రైతు దగ్గర లీకేజీ చికిత్స కూడా ఉంది. ఫుట్‌వాల్వు దగ్గరో గొట్టం అతుకు దగ్గరో గాలి పీలుస్తుంటే, మోటారులో పోసే నీళ్ళలో పేడ కలిపి పోస్తారు. పేడలోని పీచు వెళ్ళి సందులో అడ్డం పడుతుంది. మన షెడ్డులో పేడ బదులు ఎం-సీల్. ఈ విద్యలో దొరికే ఒకే ఒక వరం ఇక్కడే ఉంది: ట్యాంకులో శూన్యం ఉండగా మెత్తటి ముద్ద అంటిస్తే, బయటి గాలే దాన్ని సందులోకి నొక్కి పెడుతుంది. కానీ ముందు సందు ఎక్కడో తెలియాలి. పంక్చరు అంగడి సంప్రదాయం ప్రకారం సబ్బు నీళ్ళు పూసి బుడగలు వెతికితే ఒక్క బుడగా రాదు, ఎందుకంటే గాలి లోపలికి పోతోంది. సబ్బు నీళ్ళు కూడా దానితో పాటే లోపలికి పోతాయి. కాబట్టి మొదట ట్యాంకును దాని పాత ధర్మం ప్రకారం కాస్త గాలి కొట్టి, సబ్బు నీళ్ళతో సందులు పట్టుకొని మూసేసి, తరవాతే కొత్త ధర్మంలోకి దించాలి. శూన్యంలోకి దించాక వెతకాలంటే అగరువత్తి. పొగ ఎటు వంగి లోపలికి దూరుతుందో అక్కడ సందు. ఇంటికి వచ్చినవాళ్ళు ట్యాంకుకు పూజ చేస్తున్నారనుకుంటే అనుకోనీయండి.

వాల్వులకు కూడా ధర్మం మారుతుంది. కంప్రెసరు ట్యాంకు మీది నాన్‌రిటర్న్ వాల్వు గాలిని లోపలికి రానిచ్చి బయటికి పోనీయదు. దాన్ని విప్పి తిరగేసి బిగించాలి. దీన్ని మరచిపోతే పంపు ఎంత తిరిగినా ఏమీ లాగదు. సేఫ్టీ వాల్వు ఇక ఏ పనీ లేకుండా అలంకారంగా మిగులుతుంది. ప్రెషరు గేజీ కూడా సున్నా దగ్గరే ఆగి నిలబడుతుంది, దాని చదువు అక్కడితో సరి. సున్నాకు ఇవతలి వైపు 760 మిల్లీమీటర్ల దాకా చదివే వాక్యూం గేజీ వేరుగా కొనాలి. ఇంత చేసినా ఎక్కడో సన్నగా కారుతూనే ఉంటుంది. పోతన పద్యం మధ్యలో ఆగి ఖాళీ వదిలి లేచిపోతే రాముడే వచ్చి నింపాడని కథ. వదిలిన ఖాళీని ఎవరో ఒకరు నింపకుండా ఉండరన్నదానికి అదొక్కటే సంతోషకరమైన ఉదాహరణ. మిగతా ఉదాహరణలన్నీ మన షెడ్డుల్లోవే.

ఇంత శ్రమ ఎందుకు, కంపెనీవాళ్ళు అమ్మే వాక్యూం ట్యాంకు కొనుక్కోవచ్చు కదా అని ఆఖరి ఆక్షేపణ. పాత్రను దాని జాతిధర్మం నుంచి తప్పించడం ఒంటిమిట్టలో కొత్త కాదు. ఈ గుడి జీర్ణోద్ధరణ కోసం వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయ చిప్ప పట్టుకొని ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. టెంకాయ చిప్ప హుండీగా పుట్టలేదు. ఆయన ముందు మా బావ షెడ్డు ఎంత?

పైగా శూన్యభాండం ఈ ప్రాంతానికి కొత్తదీ కాదు. మద్రాసు నుంచి రాయచూరుకు 1871 నాటికి పూర్తయిన రైలుమార్గం ఒంటిమిట్ట మీదుగానే పోతుంది. పక్కనున్న నందలూరులో పెద్ద ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. ఆ కాలపు రైళ్ళకు వాక్యూం బ్రేకులు. ఇంజను మీద ఆవిరి దూసుకుపోయే పరికరం ఒకటి రైలు పొడుగునా ఉన్న గొట్టంలోంచి గాలి లాగేది. ఇరవై అంగుళాల పాదరసానికి అటూ ఇటూగా శూన్యం నిలిచి ఉన్నంతసేపు చక్రాలు స్వేచ్ఛగా తిరిగేవి. ఎవరైనా గొలుసు లాగితే, లేదా పెట్టెలు తెగి విడిపోతే, గొట్టంలోకి గాలి దూరేది. ప్రతి పెట్టె కిందా ఒక నిలవ ట్యాంకులో శూన్యం దాచి ఉండేది గనక, బ్రేకు పిస్టనుకు ఒక వైపు గాలి, ఇంకో వైపు ఆ దాచిన లేమి. పిస్టను కదిలి బ్రేకు పడేది. అంటే గాలి రావడమే ఆపద, లేకపోవడమే క్షేమం. తరవాత దేశమంతా గాలి బ్రేకులకు మారింది, నందలూరు షెడ్డు మూతపడింది, ఆ ట్యాంకులు పాతినుములో కలిశాయి. శూన్యానికే పుట్టి, శూన్యంలోనే బతికిన జాతి అది. ఏ ధర్మమూ మార్చుకోనక్కరలేని భాండం.

ఇక నిషేధాలు. గాజు సీసాలను, జాడీలను శూన్యభాండాలుగా వాడకూడదు. అవి నలగవు, పగిలి ఎగురుతాయి. పెట్రోలు, గ్యాసు నిలవ చేసిన ఏ పాత్రకూ నిప్పు చూపకూడదు. ఖాళీ అని మనం అనుకునేది ఆవిరితో నిండి ఉంటుంది. వంటగ్యాసు సిలిండరు ఆకారంలో, మందంలో అన్ని లక్షణాలూ ఉన్న భాండమే. అయినా దాని జోలికి పోకూడదు. అది మీది కాదు, డిపాజిట్టు కట్టి వాడుకోవడానికి తెచ్చుకున్న కంపెనీ ఆస్తి. అక్కరలేకపోతే ఏజెన్సీలో తిరిగి ఇచ్చి డిపాజిట్టు తెచ్చుకోండి, ఆ డబ్బుతో పంక్చరంగడి ట్యాంకు వస్తుందేమో బేరమాడండి.

నందలూరు, రాజంపేట వైపు పాఠకులకు చివరగా ఒక మనవి. రైల్వే వేలంలో కొన్న పాత వాక్యూం బ్రేకు ట్యాంకు ఎవరి దొడ్లోనైనా గడ్డి కింద పడి ఉంటే, మా బావ మంచి ధర ఇచ్చి తీసుకుంటాడు. వేలం రసీదు మాత్రం తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే రసీదు లేని రైల్వే సామాను దగ్గర పెట్టుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం.